క్యాసెట్లో రెండో గొంతు

పోయిన వారం మనం ఆర్డెల్లా ప్రూయిట్‌ని మెంఫిస్‌లో స్టూడియో బయట వదిలేశాం. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా లేచి వచ్చేసి, హెడ్‌ఫోన్లు ఇంకా చేతిలోనే ఉన్నాయని కూడా గమనించకుండా ఎండలో నిలబడి ఉందామె. డెబ్బయ్యొక్కేళ్ళ మనిషి. నలభై రెండేళ్ళ తర్వాత చేస్తున్న ఆల్బమ్. ఎనిమిది పాటలు అయిపోయాయి. తొమ్మిదోది, ఆఖరుది, ఇదిగో ఇలా అడ్డం తిరిగింది.

ఆ తొమ్మిదో పాటని మార్క్వెల్ యాన్సీ ఒక పాత క్యాసెట్ మీద కట్టాడు. 1991లో తల్లి అంత్యక్రియలప్పుడు ఆర్డెల్లా చర్చిలో పాడిన పాట అది. మార్క్వెల్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. సంగీతం చేసేది కంప్యూటర్ మీదే అయినా చెవి మాత్రం పాతకాలపుది. ఏ రికార్డింగునైనా పోగులు విడదీసినట్టు విడదీస్తాడు. ఆర్గన్ వాద్యం తీసేశాడు. ఏడుపులు తీసేశాడు. విసనకర్రల చప్పుడు తీసేశాడు. అలా తీసుకుంటూ పోతే అడుగున ఇంకో గొంతు మిగిలింది. మగ గొంతు. ఆమె స్వరానికి సరిగ్గా కిందే, ఆమె ఊపిరి తీసుకున్న చోటే తనూ ఊపిరి తీసుకుంటూ.

ఒక్క పాదం వినేసరికి ఆర్డెల్లాకి తెలిసిపోయింది. లియాండర్ టిబ్స్. తనతో ఎనిమిదేళ్ళు జంటగా పాడినవాడు. పెళ్ళి ఇంకో రెండు నెలలుందనగా, 1976లో, జాక్సన్ ఊళ్ళో సాయంత్రం కచేరీ పెట్టుకుని మధ్యాహ్నం మాయమైపోయినవాడు. ఆ తర్వాత అతని మొహం చూడలేదు, మాట వినలేదు. మరి పదిహేనేళ్ళకి, అమ్మ శవపేటిక ముందు తను పాడుతుంటే, ఎవరికీ కనపడకుండా వెనకాల నిలబడి తనతో ఎందుకు పాడినట్టు?

మర్నాడు పొద్దున్నే ఆమె బీరువా పై అరలోంచి అంత్యక్రియల నాటి సంతకాల పుస్తకం దించింది. తెల్ల అట్ట పసుపు తిరిగిపోయింది. ఇరవయ్యేడేళ్ళుగా దాన్ని తెరవలేదు. వచ్చినవాళ్ళ పేర్లు చదివితే ఎవరొచ్చారో కాదు, ఎవరు రాలేదో గుర్తొస్తుందని భయం. ఇప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి ఒక్కో పేరే చదువుకుంటూ పోయింది. ఆఖరి పేజీలో, అన్నిటికంటే కింద, పెన్సిలుతో రాసి ఉంది: ఎల్. టిబ్స్, హెలీనా, ఆర్కన్సా.

మార్క్వెల్‌కి ఫోన్ చేసింది.

"అబ్బాయ్, నీ కారు నడుస్తోందా?"

"నడుస్తోంది మిస్ ఆర్డెల్లా. మీరు నిన్న అలా వెళ్ళిపోతే నేను రాత్రంతా…"

"నీ రాత్రి సంగతి దారిలో చెబుదువుగాని. ఆ పాట ఫోన్‌లో ఎక్కించుకో. ముఖం కడుక్కో. అరగంటలో మా గుమ్మం ముందుండాలి."

"ఎక్కడికమ్మా?"

"నది అవతలికి."

*

అరవయ్యొకటో నంబరు రోడ్డు మీద రెండు పక్కలా అప్పుడే మొలకెత్తిన పత్తి. ఆర్డెల్లా ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. టోపీ ఒళ్ళో పెట్టుకుంది. మార్క్వెల్ ఆ టోపీ వైపు రెండుసార్లు చూశాడు.

"అతను బతికే ఉన్నాడంటారా?" అన్నాడు చివరికి.

"తెలీదు."

"అక్కడే ఉంటాడంటారా? ఇరవయ్యేడేళ్ళ నాటి అడ్రసు. అదీ ఊరి పేరొక్కటే."

"హెలీనా ఏమైనా న్యూయార్కా? టిబ్స్ వాళ్ళిల్లెక్కడని మొదటి పెట్రోల్ బంకులో అడిగితే చెబుతారు. నువ్వు రోడ్డు చూసి నడుపు."

తర్వాత ఆమే అంది, "పాట పెట్టు. అతని గొంతు వద్దు. నీ వాయిద్యాలు మాత్రమే పెట్టు."

కారు అద్దాలు అదిరేలా అడుగు నుంచి డ్రమ్ము దెబ్బ మొదలైంది. దాని మీద సన్నగా, గబగబా ఒక టిక్కుటిక్కు. మూడు నెలల క్రితం మొదటి రోజు ఇలాంటిదే విని ఆమె, "వంటింట్లో కుళాయి కారుతోంది, ఎవరైనా కట్టండి" అంది. స్టూడియోలో అందరూ నవ్వారు. మార్క్వెల్ నవ్వలేదు. ఆ టిక్కులన్నీ తీసేసి, ఒట్టి దెబ్బ మీద పాడమని, ఆమె పాడాక ఒక్కొక్కటే మళ్ళీ తెచ్చి పెట్టాడు. అప్పుడర్థమైంది ఆమెకి. ఆ టిక్కులు ఆమె మాటల సందుల్లో మాత్రమే పడుతున్నాయి. చర్చిలో వెనక వరసలో కూర్చున్న ముసలమ్మలు ఉండబట్టలేక మధ్యమధ్యలో అనే "అవును తల్లీ, అవును" లాగా. ఆ రోజు నుంచి అతను ఏ కొత్త శబ్దం తెచ్చినా "ఇదెక్కడ దొరికింది? దీన్ని వెనక్కి తిప్పితే ఎలా ఉంటుంది?" అని అడుగుతూనే ఉంది.

"నీకొక సంగతి చెప్పనా," అందిప్పుడు. "ఈ పాటలో పై స్వరం నాకు అందదు. ఆ క్యాసెట్లో నలభై నాలుగేళ్ళ నేను అందుకున్నాను. ఇప్పుడు నా గొంతు మేడ దిగి కింది వాటాలోకి వచ్చేసింది."

"అందుకేగా పాత గొంతుని పైన, మిమ్మల్ని కింద…"

"కింది వాటాలో అతనున్నాడు కదరా."

ఎదురుగా వంతెన కనిపించింది.

*

ఆమె అన్నట్టే బంకులో చెప్పారు. తెల్ల రంగు వేసిన చెక్క ఇల్లు. వరండాలో తిరగలేక తిరుగుతున్న ఫ్యాను. దాని కింద పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఒకామె బఠాణీలు ఒలుస్తోంది. అరవయ్యెనిమిదేళ్ళుంటాయి. మెట్ల దగ్గర ఆగిన నీలం గౌనుని కింద నుంచి పైదాకా చూసింది గానీ చేతులు ఆపలేదు.

"ఐజోలా," అంది ఆర్డెల్లా.

లియాండర్ చెల్లెలు ఐజోలా ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలో రాల్చింది.

"ఆ పెద్ద టోపీ చూసి చర్చి వాళ్ళు చందాకొచ్చారనుకున్నాను. నువ్వా? రా. నలభై రెండేళ్ళు పట్టిందా దారి కనుక్కోవడానికి?"

"వెళ్ళిపోయినవాడు మీ అన్న. దారి నేనెందుకు కనుక్కోవాలి?"

"అదీ నిజమే. వదినా అని పిలవాల్సినదాన్ని. ఏమని పిలవాలో ఇప్పుడు తెలీక కూర్చున్నాను. ఈ పిల్లాడెవరు, మనవడా?"

"నేను సంగీతం చేస్తానండీ," అన్నాడు మార్క్వెల్. "మిస్ ఆర్డెల్లా ఆల్బమ్…"

"సంగీతం చేసేవాళ్ళు ఈ ఇంటికొచ్చి చాలా కాలమైంది నాయనా. వచ్చినప్పుడు మంచేమీ జరగలేదు."

ఆర్డెల్లా మెట్లెక్కింది. "ఉన్నాడా?"

"ఉన్నాడు."

ఆ ఒక్క మాటకి ఆమె తలుపు వైపు తిరిగింది. బతికే ఉన్నాడు. ఈ తలుపు వెనక. ఇన్నేళ్ళూ గంటన్నర దూరంలో.

"పిలువు."

"పిలిస్తే వస్తాడు. కానీ మాట్లాడడు."

"మాట్లాడడా!" ఆర్డెల్లా గొంతు లేచింది. "నాతో మాట్లాడడా? పెళ్ళి గౌను కుట్టడానికిచ్చి వచ్చినదాన్ని నేను. ఆ సాయంత్రం జాక్సన్‌లో నాలుగొందల మంది ముందు ఒక్కదాన్నే నిలబడి రెండు గొంతుల పాటలు పాడినదాన్ని నేను. మాట్లాడకపోవడానికి ఆయనగారికి హక్కెక్కడిది? పక్కకి జరుగు ఐజోలా."

"ఆర్డెల్లా, ఆగు. నేను చెప్పేది…"

ఆమె ఆగలేదు. తెరతలుపు లాగి లోపలికి వెళ్ళిపోయింది. మార్క్వెల్ వెనకే పరుగెత్తాడు.

వంటింట్లో, వెనక తలుపు పక్కన, ఒక పొడుగాటి మనిషి సింకు దగ్గర టమాటాలు కడుగుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. భుజాలు మాత్రం ఆ భుజాలే. అడుగుల చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

మెడ చుట్టూ చిన్న తెల్లటి గుడ్డ కట్టి ఉంది, పసిపిల్లలకి కట్టినట్టు. అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ గుడ్డ లోపలికి వెళ్ళి బయటికొస్తోంది. ముక్కు కదలట్లేదు, గుడ్డ కదులుతోంది.

ఆర్డెల్లా దారంతా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆమె చూపు ఆ గుడ్డ మీదే ఆగింది.

లియాండర్ కుళాయి కట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న టార్చిలైటు లాంటిది తీసి గడ్డం కింద ఆనించుకున్నాడు. బుర్రుమని శబ్దం వచ్చింది. అతని పెదాలు కదిలాయి. ఆ బుర్రులోంచే, ఎత్తూ పల్లమూ లేకుండా, ఒకే గీత మీద మాటలు వచ్చాయి.

"ఆర్డీ. టోపీ. బాగుంది."

*

పదేళ్ళ క్రితం అని ఐజోలా చెప్పింది, నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాక. గొంతులో రాచపుండు. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. అప్పట్నుంచి మెడలో చేసిన రంధ్రంలోంచే ఊపిరి. మాటకి ఈ మర.

"ఇంట్లో నాతో మాట్లాడతాడు. కుక్కతో మాట్లాడతాడు. గడప దాటితే నోరు విప్పడు. ఒకసారి చర్చిలో ఆమెన్ అన్నాడు. ముందు వరసలో పిల్లలు పగలబడి నవ్వారు. పిల్లలే, వాళ్ళకేం తెలుసు. కానీ ఆ తర్వాత ఈయన చర్చికి రాలేదు."

లియాండర్ చెల్లెలి వైపు చూసి చెయ్యి ఊపాడు, చాల్లే అన్నట్టు.

ఆర్డెల్లా ఇంకా ఆ మర వైపే చూస్తోంది. కోపం ఎక్కడో వరండాలోనే రాలిపోయింది. దాని చోటుకి వేరేదేదో వచ్చింది. కొత్త శబ్దం విన్నప్పుడల్లా మార్క్వెల్‌ని వేధించే చూపే అది.

"అదెలా పనిచేస్తుంది?"

"వణుకుతుంది. ఆ వణుకు. నోట్లోకి వస్తుంది. నోరు. మాట చేస్తుంది."

"ఏదీ, ఇటివ్వు."

"ఆర్డెల్లా!" అంది ఐజోలా. "అది ఆటవస్తువు కాదు."

"ఆడుకుంటానన్నానా? చూస్తానన్నాను."

లియాండర్ చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. ఆర్డెల్లా దాన్ని తన గొంతుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, పెదాలు కదిపింది. మొదట ఒట్టి బుర్రు. అతను చెయ్యి చాచి, ఆమె మణికట్టు పట్టుకుని, మరని రెండంగుళాలు పక్కకి జరిపాడు. నలభై రెండేళ్ళ తర్వాత మొదటిసారి తాకడం అది. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. అప్పుడు వచ్చింది ఆమె మాట, లోహపు రేకు మీద రాసినట్టు:

"దొంగ. సచ్చినోడా."

లియాండర్ నవ్వాడు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. అది చూసి ఆర్డెల్లా నవ్వు మొదలెట్టింది. తర్వాత ఏడ్చింది. ఐజోలా లేచి ఎవరూ అడక్కుండానే నాలుగు గ్లాసుల్లో తియ్యటి చల్లటి టీ పోసింది. ముందు రోజు చేసిన టీ కేకులు బల్ల మీద పెట్టింది.

"వినిపించు," అంది ఆర్డెల్లా మార్క్వెల్‌తో.

అతను హెడ్‌ఫోన్లు తీసి లియాండర్ తలకి మెల్లిగా తొడిగాడు. ఫోన్ నొక్కాడు.

లియాండర్ కళ్ళు మూసుకుని విన్నాడు. రెండో చరణం దగ్గర అతని పెదాలు కదలడం మొదలెట్టాయి. తన గొంతు వినడం పదేళ్ళలో అదే మొదటిసారి. పాత రికార్డులన్నీ అట్టపెట్టెలో పెట్టి తన చేతే మేడ మీద పడేయించాడని ఐజోలా తర్వాత చెప్పింది. అయిపోయాక మళ్ళీ పెట్టమని వేలు తిప్పి చూపించాడు. మూడుసార్లు విన్నాడు.

"ఎందుకొచ్చావు ఆ రోజు?" అడిగింది ఆర్డెల్లా. "వచ్చినవాడివి ముందుకెందుకు రాలేదు? ఎందుకు పాడావు?"

మర గొంతుకి ఆనింది.

"పాడదామని రాలేదు. తలుపు దగ్గర నిలబడి. వెళ్ళిపోదామని. నా నెత్తి మీదే. మైకు వేలాడుతోంది. చూడలేదు. నువ్వు రెండో చరణం ఎత్తుకున్నావు. నోరు. దానంతటదే తెరుచుకుంది. ఎనిమిదేళ్ళ అలవాటు. ఆర్డీ. ఆపుకోలేకపోయాను."

మార్క్వెల్ గ్లాసు పక్కన పెట్టి ముందుకి వంగాడు. "సార్, మీ గొంతుని ఈ పాటలో ఉంచడానికి మీ అనుమతి కావాలి. ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను, ఏమీ మార్చను. మీ పేరు ఆమె పేరు పక్కనే వేస్తాం. వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది సార్, నాకే…"

"వద్దు."

"సార్?"

"అది. పోయినవాడి గొంతు. నేను. పోలేదు."

ఆర్డెల్లా టీ గ్లాసు చుట్టూ వేళ్ళు బిగించింది. పాట పోయిందనుకుంది. మూడు నెలల పని, ఆల్బమ్‌కి గుండెకాయ లాంటి పాట.

లియాండర్ మరని గొంతు దగ్గర్నుంచి తీసి బల్ల మధ్యలో పెట్టాడు. దాని మీద వేలితో రెండుసార్లు తట్టాడు. తర్వాత అదే వేలితో మార్క్వెల్ ఫోన్‌ని చూపించాడు.

మార్క్వెల్‌కి ముందు అర్థమైంది. కుర్చీలోంచి సగం లేచాడు.

"దీనితోనా? దీనితో పాడతారా? మీరు… ఒక్కసారి ఒక్క స్వరం పట్టుకోండి సార్. మాట వద్దు, ఊరికే పట్టుకోండి."

లియాండర్ పట్టుకున్నాడు. బుర్రుమని పొడుగాటి శబ్దం. తర్వాత బొటనవేలితో బొత్తాం గట్టిగా నొక్కాడు. ఆ శబ్దం మెట్టు ఎక్కింది. ఇంకా నొక్కాడు. ఇంకో మెట్టు. సరిగ్గా స్వరం మీద నిలవలేదు, కొంచెం జారుతూ ఎక్కింది. ఆ జారడంలోనే ఏదో ఉంది. ఆర్డెల్లా చటుక్కున గుర్తుపట్టింది. వాళ్ళ పాటలన్నిటిలో లియాండర్ స్వరంలోకి అలాగే జారి వచ్చేవాడు. డాక్టర్లు గొంతు తీశారు గానీ దాన్ని తీయలేకపోయారు.

"కుదరదు!" ఐజోలా అరచేత్తో బల్ల చరిచింది. "మా అన్నని నవ్వులపాలు చేస్తారా? చర్చిలో పిల్లలు నవ్వింది చాలదా? ఈ బుర్రుని రికార్డు చేసి దేశం మీదకి వదులుతారా? నువ్వు అబ్బాయ్, నీకిది కొత్త సౌండు. నాకిది మా అన్న. రోజూ పొద్దున్నే ఆ రంధ్రం కడిగేదాన్ని నేను."

మార్క్వెల్ తల దించుకున్నాడు. ఆమె అన్నదాంట్లో నిజముందని అతనికి తెలుసు. ఆ శబ్దం వినగానే అతని మనసు ముందు దౌడు తీసింది దాని కింద ఏ దెబ్బ వెయ్యాలా అనే.

"ఐజోలా," అంది ఆర్డెల్లా నెమ్మదిగా. "నా గొంతు విన్నావా ఈ మధ్య?"

"లేదు."

"నేను చర్చిలో పై స్వరానికి వెళ్ళడం మానేసి ఆరేళ్ళయింది. అమ్మాయిలు అందుకుంటారు, నేను పెదాలు కదుపుతాను. నాక్కూడా భయమే, నవ్వుతారని. ఈ పిల్లాడు నన్ను పట్టుకొచ్చి, ఉన్న గొంతుతోనే పాడమన్నాడు. పాడాను. నవ్వాలనుకున్నవాళ్ళు వరసలో నిలబడితే ముందు నన్ను చూసి నవ్వాలి. ఆ తర్వాతే మీ అన్న."

ఐజోలా ఏదో అనబోయింది. లియాండర్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"ఐజీ. పదేళ్ళు. కుక్కతో మాట్లాడాను. మంచి కుక్కే." పెదవి కొస వంకర తిరిగింది. "కానీ. పాడదు."

తర్వాత ఆర్డెల్లా వైపు తిరిగాడు.

"నువ్వు. కిందికి దిగావు కదా."

"దిగాను."

"అక్కడుండు. నేను. పైకి వస్తాను."

ఆమె కళ్ళు మూసుకుంది. క్యాసెట్లోని పాటే, రెండో చరణం, కానీ లియాండర్ ఎప్పుడూ పాడే కింది వరసలో ఎత్తుకుంది. ఆ వరస ఆమె ఒక్కసారైనా పాడింది కాదు. పక్కనుంచి వినీవినీ కంఠస్థమైంది. గొంతు గరుగ్గా, నిదానంగా, బల్ల చెక్కలోకి దిగేలా వచ్చింది. రెండో పాదం దగ్గర పైన బుర్రు చేరింది. మొదట తడబడింది. చాలా పైకి పోయింది. దిగింది. వెతుక్కుంది. ఆమె ఆపకుండా అతని కోసం ఆ స్వరం మీదే నిలబడింది, కచేరీల్లో అతను ఆమె కోసం నిలబడినట్టు. అప్పుడు దొరికింది. ఒకప్పుడు ఆమె ఉన్న చోట అతను, అతనున్న చోట ఆమె.

ఎంతో సేపు కాదు. నాలుగు పాదాలు. అయిపోయాక మార్క్వెల్ ఫోన్‌లో ఎర్ర బొత్తాం నొక్కి ఆపాడు. అంతా రికార్డయింది.

ఐజోలా గోడ వైపు తిరిగి కూర్చుంది. "గురువారం," అంది అటు నుంచే. "గురువారమైతే నేను తీసుకొస్తాను. ఆయనకి గదిలో దుమ్ము పడదు. ఆ స్టూడియో ముందు తడిగుడ్డతో తుడిపించండి."

"నేనే తుడుస్తానండీ," అన్నాడు మార్క్వెల్.

*

అంతటితో వెళ్ళిపోతే పోయేది. మార్క్వెల్ కారు తాళాలు కూడా జేబులోంచి తీశాడు. ఆర్డెల్లా మాత్రం టోపీ చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"గురువారం నీ పక్కన నిలబడి పాడాలంటే నాకొకటి తెలియాలి. జాక్సన్‌లో ఎందుకు వెళ్ళిపోయావు? ఇంకో మనిషి ఉందా? ఉన్నా ఫరవాలేదు. ఈ వయసులో నాకేం బాధ లేదు. తెలియకపోవడమే బాధ."

లియాండర్ మరని గొంతుకి ఆనించుకున్నాడు.

"మీ అమ్మ. చెప్పలేదా?"

"మా అమ్మా? మా అమ్మేం చెబుతుంది? నువ్వు పోయావని నాకంటే ఎక్కువ ఏడ్చింది."

"ఆ రోజు. జాక్సన్ వచ్చింది. బస్సులో. హోటల్ వెనక. నన్ను కలిసింది. రికార్డు కంపెనీ నుంచి ఉత్తరం. చేతిలో ఉంది." అతను ఆగి గుడ్డలోంచి ఊపిరి పీల్చుకున్నాడు. "కంపెనీకి. నువ్వొక్కదానివే కావాలి. జంట వద్దు. నేనుంటే నువ్వు ఒప్పుకోవు. ఆర్డీ బతుకు. నీ చేతిలో ఉంది అంది. నువ్వు వెళ్ళు అంది. చెప్పకుండా వెళ్ళు. చెబితే. అది నిన్ను వదలదు అంది. మాటిచ్చాను. ఆవిడ పోయాక. ఆ మాట తీర్చానని చెప్పడానికి. చర్చికి వచ్చాను."

ఆర్డెల్లా మొహంలో రంగు మారింది. కోపం కాదు. లెక్క తప్పిన పిల్ల పలక మీద మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నట్టు, ఆమె కళ్ళు అటూ ఇటూ కదిలాయి.

"ఏ కంపెనీ?"

"మన కంపెనీయే."

"లియాండర్, నన్నొక్కదాన్నీ ఎవరూ పిలవలేదు. నువ్వు వెళ్ళిన వారానికి నేనే వాళ్ళాఫీసుకి వెళ్ళాను. జంట లేకపోతే మాకు నువ్వక్కర్లేదని మొహం మీదే చెప్పారు. ఆ తర్వాత నేను పాడిన రికార్డు ఒక్కటీ లేదు. ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపాను. అలాంటి ఉత్తరమే ఉంటే నేను బస్సెందుకు నడుపుతాను?"

మర లియాండర్ చేతిలో బుర్రుమంటూనే ఉంది. పెదాలు మాత్రం కదల్లేదు. బొత్తాం మీంచి వేలు తియ్యడం మర్చిపోయాడు.

"అంటే మా అమ్మ అబద్ధమాడిందా?" అంది ఆర్డెల్లా.

"లేదు. ఆవిడ నమ్మింది. చేతులు వణికాయి. ఉత్తరం. నాకే ఇచ్చేసింది. నా దగ్గర. ఇప్పటికీ ఉంది. రికార్డుల పెట్టెలో. మేడ మీద."

మార్క్వెల్ అప్పటికే లేచాడు. "నేను తెస్తాను సార్, మెట్లెక్కడ?"

"కూర్చో నాయనా," అంది ఐజోలా.

ఆమె ఇంకా గోడ వైపే చూస్తోంది. ఆ మాటలో ఇందాకటి ఎగతాళి లేదు.

"ఆ పెట్టెలో ఉత్తరం లేదన్నయ్యా. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను తీసి పొయ్యిలో పెట్టాను."

"ఎందుకు?" అన్నది మర కాదు, ఆర్డెల్లా.

ఐజోలా ఇటు తిరిగింది. ఆర్డెల్లా కళ్ళలోకి సూటిగా చూసింది.

"కింద సంతకం కంపెనీ వాళ్ళది కాదు గనక. ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు గనక."